డయాలసిస్ రోజుకి హాజరు లేదా?

శీర్షిక: కదురు

పోయిన వారం పొందూరులో నూలు వడికే ఓ ఇంటి అరుగు మీద గంటసేపు కూర్చున్నాను. ఆ ఇంటి ముసలమ్మ గింజ మీది దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. రాట్నం పక్కన ఎండిన అరటి దొప్పలో ఏకులు, దానికి ఆనించి తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండ. దాహమేసి కుండ వైపు చూశాను. "అది నీళ్లకుండ కాదు బావూ, గుంట సూదిమందు" అంది. ఫ్రిజ్ పాడై రెండు నెలలైందట. బాగు చేయించేదాకా మనవరాలి ఇన్సులిన్ ఆ కుండలోనే.

మనవరాలు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. మార్కులు వెయ్యికి తొమ్మిది వందలు దాటాయి. పదో తరగతిలో ఉండగా మంచం పడితే శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో తేలింది, టైప్ 1 షుగరని. ఇది పెద్దవాళ్లకు వయసుతో వచ్చే షుగరు కాదు, మిఠాయిలు తింటే వచ్చిందీ కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయింది. బతికినన్నాళ్లూ బయటి నుంచి ఎక్కించుకోవాల్సిందే. రోజుకి నాలుగు సూదులు, అన్నిసార్లూ పరీక్ష కోసం వేలికొన మీద ఓ పోటు. ముసలమ్మ లెక్క సూటిగా ఉంది. "కాలేజీ అయినా సూదిమందైనా ఈ నూల్లోంచే రావాల."

నూరో నంబరు నూలు సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. దేశమంతా వేళ్లతో తడిమి మెచ్చుకునే సన్నదనం అది. వడికే చేతికి మిగిలేది అంతకన్నా సన్నం.

పిల్ల నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "షుగరున్న పిల్లలకి స్కాలర్‌షిప్పు ఏదైనా ఉందాండీ?" పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుస్తాయని వాళ్ల నమ్మకం. నాకు తెలియదని ఒప్పుకుని, కనుక్కుని చెబుతానని వచ్చాను. ఈ వారం శీర్షిక ఆ మాట చెల్లించుకోవడానికే.

ఆ పేరుతో లేదమ్మా. కేంద్రం దగ్గరా లేదు, రాష్ట్రం దగ్గరా లేదు.

మన ప్రభుత్వాల సాయానికి రెండు తలుపులున్నాయి. ఒకటి వైద్యానిది. ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే, డయాలసిస్ ఖర్చు భరిస్తోంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. తలసేమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్లకూ అంతే. తలసేమియా పిల్లల మూలకణ మార్పిడికి కోల్ ఇండియా 10 లక్షల దాకా ఇస్తోంది. ప్రాణం నిలబెట్టే డబ్బు ఇది, దీన్ని తప్పుపట్టేవాణ్ని కాను. రెండోది చదువు తలుపు. అక్కడ కులం అడుగుతారు, ఆదాయం అడుగుతారు, మార్కులు అడుగుతారు. జబ్బు సంగతి అడగరు. అడక్కపోవడమే మర్యాద కదా అని మొదట నేనూ అనుకున్నాను.

జబ్బు సంగతి అడిగే చట్టం ఒకటుంది. 1995 నాటి పాత చట్టంలో వైకల్యాలు ఏడే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. కొత్తగా చేరినవాటిలో పైకి కనపడని జబ్బులున్నాయి: తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటివి. వీటిలో ఏదైనా 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు సర్టిఫికెట్ దొరికితే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లలో హక్కుంది, వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపైతే కేంద్రం ఇచ్చే దివ్యాంగుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఉంది. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలకు ఏఐసీటీఈ వారి సాక్షమ్ ఉంది. అది ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి 8 లక్షలు. సీతంపేట కొండల్లో సికిల్ సెల్‌తో చదువు లాక్కొస్తున్న సవర, జాతాపు పిల్లలకు ఇవి చెప్పేవాళ్లు కావాలి. 2023 జూలై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ఊరూరా రక్తపరీక్షలు చేస్తున్నారు. పరీక్ష చేసిన ఏఎన్ఎం అమ్మే పిల్ల చేతిలో ఆ స్కాలర్‌షిప్పు కాగితం కూడా పెడితే ఎంత బాగుండును!

అయితే ఈ చట్టంలోనే ఓ విచిత్రం ఉంది. చదువు దగ్గర చోటిచ్చిన ఈ రక్తజబ్బులకు ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో చోటివ్వలేదు. అంటే చదువుకోమని పిలిచి కూర్చోబెట్టి, కొలువు దగ్గర పంక్తిలోంచి లేపడం.

ఇక ఆ 21లో టైప్ 1 షుగరు లేదు. కిడ్నీ జబ్బూ లేదు.

కిడ్నీ జబ్బు లేదన్నది మన జిల్లావాళ్లం ఇంకోసారి చదువుకోవలసిన వాక్యం. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు కలుపుకుని ఉద్దానం ఊళ్లలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి గొట్టాల్లో మంచినీళ్లు తెచ్చారు. ఒక జబ్బు పేరు మీద ఆసుపత్రి, పింఛను, నీళ్ల పథకం అన్నీ ఉన్న నేల ఇది. ఆ జబ్బున్న కుర్రాడు కాలేజీ దరఖాస్తు నింపేటప్పుడు మాత్రం అది రాయడానికి గడి లేదు.

ఆ 40 శాతం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు మాటా చెప్పుకోవాలి. సచివాలయంలో స్లాటు, ఆ రోజున ఆసుపత్రి వరండాలో పడిగాపులు, డాక్టరు వేసే శాతం కోసం గుండె దడ. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఆడపిల్ల ఇంట్లో ఓర్చుకోలేనిది ఇంకోటుంది. సర్టిఫికెట్ తీసుకుంటే జబ్బు ఊరికి తెలుస్తుంది. తెలిస్తే సంబంధాలు రావు. ముసలమ్మ నాతో గొంతు తగ్గించి అంది: "పేపర్లో రాయొద్దు బావూ, రేపు దాని పెళ్లికి అడ్డం." అందుకే పేరు, వీధి రాయలేదు, ఇంకొన్ని ఆనవాళ్లూ మార్చాను. సూదిమందు కుండలో దాచినట్టే జబ్బునీ దాచుకుంటున్న ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. దాచిన జబ్బుకి ఏ పథకమూ అందదు. ఈ ముడి ప్రభుత్వం వేసింది కాదు, మనం వేసింది. పెళ్లిచూపుల్లో కట్నం గురించి సిగ్గు లేకుండా మాట్లాడే మనకి, ఇన్సులిన్ మాటెత్తితే సిగ్గు ముంచుకొస్తుంది.

ఇప్పుడు హాజరు. నా అసలు గొడవ దీనితోనే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే 75 శాతం హాజరుండాలి. ఇంటర్ మార్కుల మీద కేంద్రం డిగ్రీ పిల్లలకు ఏడాదికి 12,000 చొప్పున ఇచ్చే స్కాలర్‌షిప్పు మరుసటి ఏడాదీ అందాలన్నా 75 శాతమే. జబ్బు కారణంగా తగ్గితే కాండొనేషన్ ఉంది కదా అంటారు. ఉంది. జేఎన్టీయూ నిబంధనల్లో అది 65 శాతం దగ్గర ఆగుతుంది. ఇప్పుడు వేళ్ల మీద లెక్కేయండి. కాలేజీ వారానికి ఆరు రోజులు. డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆసుపత్రికి పోనూ రానూ, మంచం దిగాక నీరసం తగ్గనూ కలిపితే రోజంతా పోయినట్టే. మిగిలిన మూడు రోజులూ ఒక్క క్లాసు పోకుండా కూర్చున్నా డయాలసిస్ మీదున్న కుర్రాడి హాజరు 50 శాతం. జ్వరం రాకూడదు, బస్సు తప్పకూడదు, ఇంట్లో చావూ పెళ్లీ ఉండకూడదు, అయినా 50. కాండొనేషన్ గీత కూడా అతనికి అందదు. జబ్బు సంగతి అడక్కపోవడం మర్యాద కాదని ఇక్కడ తెలిసింది. అడగని రూలు ఆరోగ్యంగా ఉన్న ఒంటిని కొలతగా పెట్టుకుని రాసిన రూలు.

పోనీ దూరవిద్యలో చేరమంటారు. ఓ కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేస్తే నాకు దొరికిన సలహా ఇదే. ఎంత సులువుగా అన్నారంటే, పక్క కౌంటరుకి వెళ్లమన్నట్టుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1972 నుంచీ దూరవిద్య ఉంది, ఆ చదువుని తక్కువ చేయను. కానీ దూరవిద్యలో చదివేవాళ్లకు రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కాలేజీకి వస్తే హాజరు చాలదని ఫీజు రాదు, ఇంటి దగ్గర చదివితే ఇంటి దగ్గరున్నాడని రాదు.

బయటి దేశాల్లో ఎలా ఉందో చూశాను. అమెరికాలో జబ్బుకో స్కాలర్‌షిప్పు ఉంది. హీమోఫీలియాకి, సిస్టిక్ ఫైబ్రోసిస్‌కి, టైప్ 1 షుగరుకి విడివిడిగా. చాలావాటి వెనక ఆ జబ్బుల మందులమ్మే కంపెనీలే ఉంటాయి. తమ మందు కొనే పిల్లకి తామే చదువు చెప్పించడం దానమో వ్యాపారమో మీరే తేల్చుకోండి. పైగా ఆ దరఖాస్తుల్లో నా జబ్బుని నేనెలా జయించానో అని ఓ వ్యాసం రాయాలి. మన పిల్ల ఏం రాస్తుంది? జయించిందేమీ లేదు, రోజుకి నాలుగుసార్లు రాజీ పడుతోంది. బ్రిటన్ పద్ధతి నాకు నచ్చింది. దీర్ఘకాలపు జబ్బున్న విద్యార్థికి, ఆ జబ్బు వల్ల చదువులో పడే అదనపు ఖర్చుకి అక్కడ ఓ భత్యం ఉంది. దానికి ఇంటి ఆదాయంతో పని లేదు. కొలిచేది జబ్బు చదువుకి ఎంత అడ్డుపడుతోందో, అదొక్కటే.

అంతదూరం పోనక్కర్లేదంటే కేరళ ఉంది. అక్కడి సాంఘిక భద్రతా మిషన్ మిఠాయి అనే పేరుతో టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్, దానికి కావలసిన సరంజామా ఉచితంగా ఇస్తోంది. షుగరు పిల్లల పథకానికి ఆ పేరు పెట్టిన మనిషెవరో గాని చేతులెత్తి మొక్కాలి. 2017లో సీబీఎస్ఈ ఈ పిల్లల్ని పరీక్ష హాల్లోకి పళ్లు, చక్కెర బిళ్లలు తెచ్చుకోనిచ్చింది. చక్కెర పడిపోతే మనిషి వాలిపోతాడు కాబట్టి ఆ బిళ్ల కలమంత అవసరం. దానికి ఖజానాలోంచి పైసా ఖర్చు కాలేదు.

21 వైకల్యాల పట్టీలో లేనంత మాత్రాన చట్టం పూర్తిగా తలుపు మూయలేదు కూడా. అదే చట్టంలో దివ్యాంగులంటే ఎవరో విడిగా చెప్పారు. దీర్ఘకాలపు లోపం ఉండి, చుట్టూ ఉన్న అడ్డంకుల వల్ల నలుగురితో సమానంగా మెలగలేనివాళ్లు. 40 శాతం మాట అందులో లేదు. వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టుకుంది. చెయ్యి వంకర్లు పోయి రాయలేని ఆ అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని, 40 శాతం సర్టిఫికెట్ లేదని ఆపడం కుదరదని తీర్పు చెప్పింది. మనిషి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయడం దయ కాదు, బాధ్యత అన్నది ఆ తీర్పు సారం. మరి రాయలేని చేతికి చేసిన సర్దుబాటు, వారానికి మూడు రోజులు మిషను పక్కన పడుకునే శరీరానికి ఎందుకు చేయరు?

హాజరు సడలిస్తే దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయన్నాడు నా మిత్రుడు, లెక్చరరుగా రిటైరైన మనిషి. నిజమే, కడుపునొప్పి సర్టిఫికెట్లు మనం చూడనివా? కానీ డయాలసిస్‌కి దొంగ సర్టిఫికెట్ పుట్టదు. రోగి ఏ రోజు వచ్చాడో, ఏ మిషను మీద ఎన్ని గంటలున్నాడో ఆసుపత్రి రాసి ఉంచుతుంది, దాని మీదే ప్రభుత్వం బిల్లు కడుతోంది. రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లకీ అంతే, బ్లడ్ బ్యాంకులో ప్రతి సీసాకీ లెక్కుంటుంది. బిల్లు కట్టడానికి నమ్మిన పుస్తకాన్ని హాజరు వేయడానికి నమ్మలేరా?

ఆ పిల్లకి నేను తిరిగి చెప్పబోయేది ఇది. జబ్బు పేరున్న స్కాలర్‌షిప్పు కోసం వెతుక్కుంటూ మామూలువి వదిలేయకు. నీ మార్కులకి, మీ ఇంటి ఆదాయానికి వచ్చేవి ముందు పట్టుకో. ఆదాయ ధ్రువపత్రం ఈ వారమే తీసుకో. చేరిన రోజునే ప్రిన్సిపాల్‌కి డాక్టరు ఉత్తరం ఇచ్చి, అందిందని సంతకం తీసుకో. హాజరు తగ్గాక ఇచ్చే ఉత్తరం సాకులా కనపడుతుంది, ముందిస్తే సాక్ష్యం. హాస్టల్లో చేరితే ఫ్రిజ్‌లో చోటు అడుగు, సిగ్గుపడకు.

ప్రభుత్వానికి చెప్పేది ఇంకా చిన్నది. డయాలసిస్ రోజుని, రక్తం ఎక్కించుకున్న రోజుని హాజరు రోజుగా లెక్కించండి. ఈ జబ్బులతో దూరవిద్యలో చేరినవాళ్లకు ఫీజు కట్టండి. కొత్త పథకం వద్దు, దానికి పేరు పెట్టే తగువూ వద్దు. ఒక్క పేజీ జీవో చాలు. ఈ జిల్లా ఎమ్మెల్యేల్లో ఎవరైనా వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో అడుగుతామంటే, హాజరు లెక్కంతా కాగితం మీద వేసి ఇవ్వడానికి నేను సిద్ధం.

— కదురు