ముందు మీటరు, తర్వాతే బేరం
ఈ-ఆటోను రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టినా తెల్లారి కదలకపోతే ‘బ్యాటరీలు పోయాయి, కొత్త సెట్టు వేయించు’ అనేయడం మన దగ్గర మామూలైపోయింది. వోల్టు మీటరు పెట్టకుండా చెప్పే ఆ మాట, నాడి చూడకుండా ఆపరేషన్‌కు రాసిచ్చినట్టే. యానాంలోని ఫరంపేటలాంటి గోదావరి ఒడ్డు ఊళ్లలో, సముద్రపు ఉప్పుగాలికి ముందు అనుమానించాల్సింది టెర్మినళ్ల మీది చిలుమునే. దాన్ని శుభ్రం చేసి, నట్లు బిగించి, ఛార్జర్ పెట్టి చూడాలి. వోల్టేజీ పెరగకపోతే ఫ్యూజు, ప్లగ్గు, వైర్లు, ఛార్జర్ చూడాలి. బ్యాటరీ మరీ దిగిపోతే కొన్ని ఛార్జర్లు అసలు మొదలే కావు. ఛార్జింగ్ తీసి కొన్ని గంటలయ్యాక బండిలోని నాలుగు లెడ్-యాసిడ్ బ్యాటరీలనూ విడివిడిగా కొలవాలి. మూడు 12.6 వోల్టుల దగ్గర ఉండి, ఒకటి 10.5 దగ్గరే ఆగితే దాంట్లో ఒక సెల్లు చచ్చినట్టు లెక్క. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు వద్దు. నిజంగా పాడైన బ్యాటరీని తుక్కులో పారేయకుండా అమ్మిన దుకాణంలోనే ఇవ్వండి; వాడేసిన వాటిని వెనక్కి సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. రీడింగు కళ్లారా చూశాకే డబ్బు తీయండి.