లెక్కలోకి రాని పరుగు

ఎంసెట్ రాసిన పిల్లలున్న ఇంట్లో 'చివరి ర్యాంకు' అన్న మాటకి అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు. కోరుకున్న కాలేజీలో కోరుకున్న బ్రాంచి కిందటేడు ఏ ర్యాంకు దగ్గర ఆగిపోయిందో పిల్లాడికన్నా అమ్మానాన్నలకే బాగా తెలుసు. (ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా మన నోట్లో మాత్రం ఎంసెట్టే.) అమెరికాలో చలికాలం పొడుగునా ఇలాంటి లెక్కతోనే నిద్రపట్టని పిల్లలు కొందరున్నారు. వాళ్ల బెంగ సీటు గురించి కాదు, పరుగు గురించి. వాళ్ల చివరి ర్యాంకు పదహారు.

అక్కడి కాలేజీ ఆటల మీద పెద్ద పెత్తనం ఎన్‌సీఏఏ అనే సంస్థది. ఏటా మార్చిలో రెండు రోజులపాటు ఆ సంస్థ జాతీయ ఇండోర్ అథ్లెటిక్స్ పోటీలు పెడుతుంది. చలికాలంలో ఉత్తరాది రాష్ట్రాల్లో మైదానాలు మంచు కింద ఉంటాయి. అందుకే ఆటని ఇంట్లోకి తెచ్చుకున్నారు. మొదటిసారి 1965లో డెట్రాయిట్‌లో జరిగాయి. అమ్మాయిలు 1983 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆరుబయట చూసే పోటీలకీ వీటికీ తేడా చాలా ఉంది. కప్పు కింద నాలుగు వందల మీటర్ల ట్రాక్ పట్టదు. రెండు వందల మీటర్లే. మలుపుల దగ్గర ట్రాక్ ఒకవైపు పైకి లేచి ఉంటుంది, సర్కస్‌లో మోటార్‌ సైకిల్ బావి గుర్తుందా, కొంచెం ఆ పోలికలో. అంత చిన్న వలయంలో వేగంగా తిరిగేటప్పుడు ఒళ్లు బయటికి విసిరినట్టవుతుంది మరి. వంద మీటర్ల పరుగుకి చోటు లేదు కాబట్టి అరవై మీటర్లే. గీత దాటాక ఆగే జాగా కూడా తక్కువ. చివర్లో గోడకి మెత్తలు కట్టి ఉంచుతారు, పిల్లలు వెళ్లి వాటికి గుద్దుకుంటారు. ఈటె, డిస్కు, హ్యామర్ విసిరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వాటికి సెలవు. హ్యామర్ బదులు పొట్టి పిడి ఉన్న బరువు ఒకటి విసురుతారు. మగవాళ్లకి అది 35 పౌన్లు, అంటే దాదాపు 16 కిలోలు. మన బియ్యం బస్తాలో సగానికి పైమాటే.

ఆరుబయట పోటీలకైతే ముందు ప్రాంతీయ పోటీలు ఉంటాయి. అక్కడ గెలిచి పైకి రావాలి. ఇండోర్‌లో ఆ మెట్టు లేదు. సీజన్ మొత్తంలో నువ్వు చేసిన ఒక్క అత్యుత్తమ ప్రదర్శన, అంతే. దేశంలోని డివిజన్-1 కాలేజీలన్నిటి పిల్లల అంకెలూ ఒక జాబితాలో చేరతాయి. ఒక్కో అంశంలో పైనుంచి పదహారు మందికి పిలుపు. రిలేలకి పన్నెండు జట్లకి. పదిహేడో పేరు ఇంట్లో కూర్చుంటుంది. ఆ పదిహేడో పేరుకి కూడా ఒక చిన్న ఆశ మిగులుతుంది లెండి. పైనున్న వాళ్లలో రెండు మూడు అంశాలకి అర్హత తెచ్చుకున్న వాళ్లుంటారు. అన్నీ పరిగెత్తే ఓపిక లేక ఒకటి వదులుకుంటే, కింద ఉన్న పేరు పైకి జరుగుతుంది. మన కౌన్సెలింగ్‌లో పై ర్యాంకు వాడు ఐఐటీకి పోతే కిందివాడికి సీటు దొరికినట్టే.

ఆ అంకెల్లోనూ మెలికలున్నాయి. ఒకడు మలుపులు లేచి ఉన్న మంచి ట్రాక్ మీద పరిగెత్తాడు, ఇంకొకడు చదునుగా ఉన్న ట్రాక్ మీద. ఒకడు సముద్రమట్టానికి దగ్గర్లో, ఇంకొకడు గాలి పలచబడే ఎత్తైన ఊళ్లో. పలచటి గాలి పొట్టి పరుగులకి మేలు, పొడుగు పరుగులకి కీడు. అందుకని అంకెలకి సవరణలు చేసి అప్పుడు వరస కడతారు. వేర్వేరు పూటల రాసిన పరీక్షల మార్కులకి నార్మలైజేషన్ చేస్తారు చూడండి, అలాగన్నమాట. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి అర్హత గీతకి అటూ ఇటూ ఊగే పిల్లలు మంచి ట్రాక్‌లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పోతారు, ఒక సెకనులో పదో వంతు కోసం.

అక్కడిదాకా చేరాక కూడా గొడవ తీరదు. 2018 మార్చిలో టెక్సాస్‌లోని కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో పోటీలు జరిగాయి. నాలుగు వందల మీటర్ల ఫైనల్. ఇరుకు ట్రాక్ కదా, ఫైనల్‌ని రెండు ముక్కలుగా పరిగెత్తిస్తారు. ఇద్దరు విజేతల్లో ఎవరి సమయం తక్కువైతే వాళ్లకే పతకం. మొదటి ముక్కలో అకీమ్ బ్లూమ్‌ఫీల్డ్ అనే జమైకా కుర్రాడు 44.86 సెకన్లలో ముగించాడు. కప్పు కింద 45 సెకన్లలోపు పరిగెత్తిన వాళ్లు అప్పటికి వేళ్లమీద లెక్కించేంత మందే. పక్కన ఎవరూ లేరు, తనదే మొదటి స్థానం. కాసేపటికి రెండో ముక్కలో మైఖేల్ నార్మన్ 44.52లో వచ్చాడు. కప్పు కింద అంతకుముందు ఎవరూ అంత వేగంగా పరిగెత్తలేదు. బ్లూమ్‌ఫీల్డ్ తనని ఓడించినవాడితో కలిసి పరిగెత్తనే లేదు! పక్క గీతలో నార్మన్ ఉండి ఉంటే ఏమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి. ఈ ముక్కల పద్ధతి నాకు నచ్చదు. కానీ ఆ ట్రాక్ మీద బయటి గీతలకీ లోపలి గీతలకీ ఉండే తేడా చూస్తే, అందరినీ ఒకేసారి వదలడం కూడా న్యాయం అనిపించుకోదు.

ఇక అసలు సంగతి.

2020లో ఈ పోటీలు న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో పెట్టారు. సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉండే ఊరు. సభలూ ఎగ్జిబిషన్లూ జరిగే పెద్ద హాల్లో ట్రాక్ పరిచారు. మార్చి 13 శుక్రవారం మొదలవ్వాలి. పిల్లలు ముందే వచ్చేశారు. మార్చి 11న కరోనాని ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించింది. మర్నాడు, 12వ తేదీ గురువారం, ఎన్‌సీఏఏ ఆ చలికాలం, వసంతకాలం జాతీయ పోటీలన్నిటినీ రద్దు చేసేసింది. పరుగుకి ఒక్కరోజు ముందు. బూట్లు సంచిలో, నంబరు కాగితం చేతిలో.

రద్దు చేయడాన్ని తప్పుపట్టే ధైర్యం ఇప్పుడెవరికీ లేదు. ఆ తర్వాత నెలల్లో ఏం జరిగిందో మన ఇళ్లల్లోనే చూశాం. నా పేచీ రద్దుతో కాదు, దాని తర్వాత వేసిన లెక్కతో.

అమెరికా కాలేజీ ఆటగాడికి ఒక్కో ఆటలో నాలుగు సీజన్ల అవకాశం ఉంటుంది. అథ్లెటిక్స్‌లో ఇండోర్ సీజన్లు వేరు, ఆరుబయట సీజన్లు వేరు. మార్చి 30న డివిజన్-1 కౌన్సిల్ కూర్చుని, వసంతకాలం ఆటగాళ్లకి ఒక సీజన్ అదనంగా ఇచ్చింది. బేస్‌బాల్, టెన్నిస్, ఆరుబయట అథ్లెటిక్స్ వాళ్లకి ఊరట. చలికాలం ఆటగాళ్లకి లేదంది. కారణం? వాళ్ల సీజన్ చాలామటుకు అయిపోయింది కదా అని. లెక్క ప్రకారం నిజమే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పోటీలన్నీ జరిగాయి. జరగనిది ఆ చివరి రెండు రోజులే.

కానీ పైన చెప్పిన పద్ధతి ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆ మూడు నెలల పోటీలన్నీ దేనికోసం? ఆ జాబితా కోసం. జాబితా దేనికోసం? ఆ రెండు రోజుల కోసం. ప్రిలిమ్స్, మెయిన్స్ అన్నీ రాయించి, ఇంటర్వ్యూ రద్దయిందని చెప్పి, 'నీ పరీక్షలు చాలావరకు అయిపోయాయిగా నాయనా' అంటే ఒప్పుకుంటామా?

అక్కడితో అయిపోలేదు. అదే ఏడాది అక్టోబరులో, తర్వాతి చలికాలం ఆటగాళ్లందరికీ, అంటే 2020-21 సీజన్ వాళ్లకి, కరోనా ఇబ్బందుల దృష్ట్యా అదనపు అవకాశం ఇచ్చారు. ఆ ఏడాది ఇండోర్ జాతీయ పోటీలు 2021 మార్చిలో ఆర్కాన్సా రాష్ట్రంలోని ఫేయట్‌విల్‌లో జరిగాయి కూడా. పోటీ జరిగినవాళ్లకి మరో ఏడాది దక్కింది. జరగనివాళ్లలో ఆఖరి సంవత్సరం వాళ్లకి దక్కలేదు. కొందరు ఆరుబయట సీజన్ కోసం ఇంకో ఏడాది ఉండే వీలు దొరికింది. ఇండోర్ మాత్రం వాళ్లకి అయిపోయినట్టే.

ఓదార్పుగా ఒకటి చేశారు. మామూలుగా జాతీయ పోటీల్లో సాధించిన స్థానాన్ని బట్టి 'ఆల్ అమెరికా' గౌరవం ఇస్తారు, మొదటి ఎనిమిది మందికి పై వరసలో. కాలేజీ కోచ్‌ల సంఘం ఆ ఏడాది అర్హత సాధించిన ప్రతి ఒక్కరికీ ఆ గౌరవం ఇచ్చేసింది. మంచి పనే. పదహారో పేరుకీ మొదటి పేరుకీ ఒకటే బిరుదు. ఇంతకన్నా చేయగలిగింది కూడా వాళ్ల చేతుల్లో లేదు. అయితే గెలుస్తానని నమ్మి వచ్చినవాడికీ, అక్కడ కనిపిస్తే చాలనుకున్నవాడికీ ఆ బిరుదు బరువు ఒకటే అయి ఉండదు.

పరిగెత్తి కూడా లెక్కలోకి రాకపోవడం మన దగ్గరా ఉంది. ఆ 2020లోనే, జనవరిలో, కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ వంద మీటర్ల హర్డిల్స్‌ని 13.03 సెకన్లలో దాటేసింది. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లల్లో పనిచేసిన కుటుంబం. అప్పటి జాతీయ రికార్డు అనూరాధా బిస్వాల్ పేరిట 2002 నుంచీ ఉన్న 13.38. మూడింట ఒక వంతు సెకను తేడాతో కొట్టిపారేసింది! కానీ రికార్డు రాలేదు. అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదు కాబట్టి అది చెల్లదన్నారు. పరీక్ష పెట్టాల్సింది పరిగెత్తే పిల్లా? 2022లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తింది. ఈసారి వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లు వీచింది. అనుమతి 2.0 దాకానే. మళ్లీ చెల్లలేదు. చివరికి అదే ఏడాది మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. అంతకు ముందు రెండుసార్లు అంతకన్నా వేగంగా పరిగెత్తాక!

కప్పు కింద ఆ గాలి బెడద లేదు. ఇండోర్ హర్డిల్స్‌కి అరవై మీటర్లు, అయిదే అయిదు హర్డిల్స్. 2023లో కజకిస్థాన్‌లోని ఆస్తానాలో జరిగిన ఆసియా ఇండోర్ పోటీల్లో జ్యోతి 8.13తో రజతం తెచ్చింది. 2024లో టెహరాన్‌లో 8.12తో స్వర్ణం. ఈ రెండింటి మధ్య, 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం, కొత్త జాతీయ రికార్డు. ఆమెకి మళ్లీ మళ్లీ పరిగెత్తే వీలు దొరికింది, దాన్ని వదల్లేదు.

మన పిల్లలు అమెరికా కాలేజీల్లో ఆడటం ఇప్పుడు వింతేమీ కాదు. ఢిల్లీలో పెరిగిన తమిళ కుటుంబం కుర్రాడు తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతూ 2018 ఫిబ్రవరిలో ఇండోర్ హైజంప్‌లో 2.28 మీటర్లు దూకి భారత ఇండోర్ రికార్డు పెట్టాడు. ఆరుబయట జరిగే ఎన్‌సీఏఏ జాతీయ పోటీల్లో 2018లోనూ 2022లోనూ గెలిచాడు. అక్కడున్న మన బంధువుల పిల్లలు కొందరు హైస్కూల్లోనే స్పైక్ బూట్లు కట్టుకుంటున్నారు. 'స్కాలర్‌షిప్ వస్తుందిట కదా' అని ఫోన్లో అడిగే తాతయ్యలకి ఒక మాట. 2025 దాకా డివిజన్-1లో మగపిల్లల అథ్లెటిక్స్ జట్టు మొత్తానికి పన్నెండున్నర పైచిలుకు స్కాలర్‌షిప్‌లే, ఆడపిల్లల జట్టుకి పద్దెనిమిది. ముప్పై నలభై మంది ఉండే జట్టులో దాన్ని ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు నిబంధనలు మారి, చాలా కాలేజీల్లో జట్టులో ఎంతమంది ఉండాలన్న దానికి పరిమితి వచ్చింది, డబ్బు ఎంతివ్వాలన్నది కాలేజీ ఇష్టం. కాబట్టి బడి పేరు కన్నా ముందు కోచ్‌ని అడగాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి. వాటిలో, దెబ్బ తగిలితే ఆ ముక్క ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఒకటి.

2023 మార్చిలో ఆ పోటీలు మళ్లీ ఆల్బుకర్కీకి వచ్చాయి. అదే ఊరు, అదే హాలు. ఈసారి రెండు రోజులూ పూర్తిగా జరిగాయి. మగపిల్లల టైటిలూ ఆడపిల్లల టైటిలూ రెండూ ఆర్కాన్సా యూనివర్సిటీయే పట్టుకుపోయింది. 2020లో ఆఖరి అవకాశంతో అక్కడికి వచ్చినవాళ్ల అంకెలు మాత్రం జాబితాలో ఉన్నాయి, ఫలితాల పుస్తకంలో లేవు.