పెట్రోలులో కలిపే "మైలేజీ మందు": నమ్మవచ్చునా?

విద్యార్థులారా! "పది లీటర్ల పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఎసిటోన్ కలపండి, మైలేజీ నూటికి ఇరవై పాళ్ళు పెరుగుతుంది" అనే మాట మీలో కొందరు వినే ఉంటారు. మైలవరం నుంచి విజయవాడకు రోజూ మోటారు సైకిలుపై పనికి వెళ్ళివచ్చేవారికి ఇది ఆశ పుట్టించే మాటే. కనుక దీన్ని నవ్వి వదిలేయరాదు, లెక్క వేసి చూడాలి. లెక్క వేసిన మీదట నా అభిప్రాయం ఒక్కటే: ఆ సీసాను పెట్రోలు టాంకు దగ్గరకు రానీయకండి.

ఎసిటోన్ ఒక ద్రావణి. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో ఉండేది ఇదే. దీన్ని కలపమనేవారు చెప్పే కారణం ఏమిటంటే, పెట్రోలు పూర్తిగా ఆవిరి కాక కొంత భాగం కాలకుండానే పొగగొట్టంలోంచి పోతుందట. ద్రావణి కలిపితే అదీ కాలుతుందట. సరే, కాలకుండా పోయేది ఎంత? మంచి స్థితిలో ఉన్న నేటి ఫోర్ స్ట్రోక్ ఇంజనులో అది నూటికి రెండు మూడు పాళ్ళకు మించదు. అదంతా కాలినా లాభం ఆ రెండు మూడు పాళ్ళే. మిగతా పదిహేడు పాళ్ళు ఎక్కడి నుంచి రావాలి?

ఎసిటోన్‌లోంచి వస్తాయా? లీటరు పెట్రోలు కాలితే సుమారు 32 మెగాజౌళ్ళ ఉష్ణం వస్తుంది. లీటరు ఎసిటోన్ ఇచ్చేది దాదాపు 23 మాత్రమే. దాని అణువులో ఆక్సిజన్ ముందే చేరి ఉంది. అంటే అది సగం కాలిన కట్టె వంటిది. పది లీటర్ల పెట్రోలులో 320 మెగాజౌళ్ళుంటే, మనం పోసిన 20 మిల్లీలీటర్లలో అర మెగాజౌలు కూడా లేదు. శక్తి నిత్యత్వ సూత్రం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. లేని శక్తి ఎక్కడి నుంచీ రాదు.

అసలు నష్టం వేరేచోట ఉంది. పెట్రోలులోని శక్తిలో పాతిక ముప్పై పాళ్ళే బండిని నడుపుతుంది. తక్కినదానిలో ఎక్కువ భాగం పొగతోనూ, ఇంజను ఒంటి నుంచీ వేడిగా పోతుంది. ఉష్ణయంత్రం నుంచి రాబట్టగల పనికి ఒక హద్దు ఉందని ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లోనే గ్రహించాడు. ఆ వేడిని ఏ ద్రావణీ వెనక్కి తేలేదు.

ఇథనాల్ సంగతి చూడండి. అందులోనూ ఆక్సిజన్ ఉంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపితే, అందుకు తయారుచేయని కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. చమురు దిగుమతి తగ్గించడం వంటి కారణాలతో దాన్ని కలుపుతున్నారు గాని, మైలేజీ కోసం కాదు.

అయితే ఏ మందూ పనిచేయదా? పనిచేసినవి ఉన్నాయి. టెట్రాఇథైల్ లెడ్ ఇంజనులో వచ్చే "టకటక" చప్పుడును నిజంగానే ఆపుతుందని 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ కనుగొన్నాడు. దానివల్ల గాలి-పెట్రోలు మిశ్రమాన్ని ఇంకా గట్టిగా అదిమి, ఎక్కువ పని రాబట్టే ఇంజనులు చేయగలిగారు. కాని దానిలోని సీసం విషం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. కనుక ఏ మందునైనా రెండు ప్రశ్నలు అడగాలి: ఎలా పనిచేస్తుంది? ఇంకా ఏమి చేస్తుంది?

రెండో ప్రశ్నకు ఎసిటోన్ ఇచ్చే జవాబు మంచిది కాదు. పెట్రోలు గొట్టాలలో, వాషర్లలో వాడే కొన్ని రకాల రబ్బరును అది ఉబ్బించి, మెత్తబరుస్తుంది. వేడెక్కిన ఇంజను పక్కన పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

"మరి మా బాబాయి బండికి మైలేజీ పెరిగిందే!" అంటారా? ఆయన అబద్ధమాడి ఉండరు. మందు పోసిన మనిషి ఫలితం కోసం ఎదురుచూస్తూ నెమ్మదిగా, బ్రేకు తక్కువ వేస్తూ నడుపుతాడు. మైలేజీ పెంచింది ఆ నడపడమే, పేరు మాత్రం మందుకు వచ్చింది. పైగా పెట్రోలు ప్రతి పది డిగ్రీల వేడికి దాదాపు ఒక శాతం వ్యాకోచిస్తుంది. ఉదయం ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఒకసారి టాంకు నింపి చూసుకుంటే ఆ తేడా కూడా లెక్కలోకి చొరబడుతుంది.

సరైన పరీక్ష మీరే చేయించవచ్చు. ఎసిటోన్‌తో కాదు, టైర్లలో గాలితో. బండి పెద్దలే నడపాలి, మీరు లెక్క రాయండి. గాలి కాస్త తగ్గిన స్థితిలో ఒక వారం, కంపెనీ చెప్పినంత గాలితో ఒక వారం. అదే దారి, అదే మనిషి, అదే బరువు, అదే బంకు, అదే వేళ. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి. ఐదారుసార్లు చూసి సగటు తీయండి.

ఆ కాగితం మీ చేతిలో ఉంటే, రేపు మీ వీధిలోకి ఏ మైలేజీ మందు వచ్చినా మీరు అడగవలసినది ఒక్క మాటే: "మీ లెక్క ఏదండీ?"