పాత పుస్తకాల్లో తుపాను జాడ

1890 సెప్టెంబరు 16 రాత్రి జపాన్‌లోని కుషిమొతో దగ్గర ఒట్టొమన్ యుద్ధనౌక ఎర్తుగ్రుల్ తుపానులో చిక్కి రాళ్లకు కొట్టుకుంది. 500 మందికి పైగా చనిపోయారు. ఉపగ్రహాలు లేని కాలపు ఆ తుపాను దారిని వెతకడానికి ఇప్పుడు ముఖ్య ఆధారం పాత వాతావరణ కేంద్రాల పుస్తకాలే. 1872లో హకొదాతెలో మొదలై దేశమంతా విస్తరించిన ఆ కేంద్రాల్లో సిబ్బంది వాయుపీడనాన్ని, గాలి దిశను వేళకు రాసిపెట్టారు. వాళ్ల ఓపికకు చేతులెత్తి మొక్కాలి. ఉత్తరానికి సాగే తుపానులో ఒక ఊళ్లో తూర్పు గాలి దక్షిణం మీదుగా పడమటికి మళ్లితే తుపాను కేంద్రం ఆ ఊరికి పడమరగా, ఉత్తరం మీదుగా మళ్లితే తూర్పుగా దాటినట్టు. పీడనం అన్నిటికంటే ఎక్కువగా పడిపోయిన వేళ, తుపాను కేంద్రం బాగా దగ్గరగా వచ్చిన వేళను చెబుతుంది. ఇలాంటి పాత పుస్తకాలు ఏ దేశంలో ఉన్నా, కాగితం పొడికాకముందే ఆ అంకెలను కంప్యూటర్లలోకి ఎక్కించాలి. అందుకు ప్రభుత్వాలు నిధులివ్వాలి.