గృహోపకరణములు: కారులోని క్యాసెట్టు యంత్రము

పాత కారులోని క్యాసెట్టు యంత్రమును పారవేయుటకు ముందు, ఇంట మిగిలిన క్యాసెట్టులను తీసి చూడుడు. 1974లో కీర్తిశేషులైన ఘంటసాలగారి భగవద్గీత నేటికిని వేఱుచోట దొరకును. గతించిన యమ్మ పాడిన మంగళహారతి యెచ్చటను దొరకదు.

1963లో ఫిలిప్సువారు తెచ్చిన యీ క్యాసెట్టునందు టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లకు లోపే. దానిపై పూసిన యినుప తుప్పు జాతి పొడియే స్వరమును దాచును. ఆ పొడి రాలి, మా వేమూరు బాటల దుమ్ముతో గలిసి హెడ్డునకు పట్టినచో పాట యస్పష్టమగును. రబ్బరు చక్రమునకు పట్టినచో టేపు దానికి చుట్టుకొని నలిగిపోవును, ఒక్కొకప్పుడు తెగును.

కావున యంత్రము నాపి, పొడవైన పుల్లకు దూది గట్టిగా చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొంచెము తడిపి, హెడ్డును, ప్రక్కనున్న సన్నని యుక్కు కడ్డీని మెల్లగా తుడువవలెను. రబ్బరు చక్రమునకు నీటిలో ముంచి పిండిన దూదియే మేలు. ఆల్కహాలు రబ్బరును ఎండగొట్టవచ్చును. అంతయు బాగుగా ఆఱిన పిదప, మొదట పోయినను చింతలేని క్యాసెట్టు వేసి పరీక్షింపుడు. ఎండలో నిలిపిన కారులో క్యాసెట్టుల నుంచరాదు, వేడికి వంకరపోవును.

యంత్రము సరిగా పలికిన నాడే అమ్మ గొంతునకు నకలు తీయించి, అక్కచెల్లెండ్రకు తలయొకటి పంపుడని మా మనవి.