పొట్లములోని భోజనము: రుచి యెంత, పుష్టి యెంత?

వంటయింటి సంగతులను గూర్చి సంఘ పత్రికలో వ్రాయుట కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చును. పాఠశాలలు, ఉద్యోగములు, భాషాహక్కులు మున్నగు గంభీర విషయములుండగా పప్పు పొట్లమును గూర్చిన తర్కమేల యని వారడుగవచ్చును. కాని బెంగళూరు, చెన్నై, హోసూరు, షోలాపురములందలి మన యిండ్లలో పిల్లలు ఏమి తినుచున్నారో, ఒంటరిగా నుండు వృద్ధులు రాత్రిపూట దేనితో సరిపెట్టుకొనుచున్నారో గమనించినవారికి ఇది చిన్న విషయముగా తోచదు. అంగడినుండి తెచ్చిన పొట్లమును చించి, గిన్నెలో వంచి, మైక్రోవేవ్ పొయ్యిలో రెండు నిమిషములుంచి భుజించుట అనేక కుటుంబములలో అలవాటైపోయినది. దీనిని అనాచారమని తిట్టువారొక ప్రక్క, మహోపకారమని మెచ్చువారొక ప్రక్క కనబడుచున్నారు. ఇరుపక్షములవారును రుచి చూచి, పొట్లముపై వ్రాతను చదివి మాటలాడుచున్నట్లు మాత్రము తోచదు.

ఆహారమును గాలి చొరకుండ మూసి, కాచి, నిలువ చేయు విద్య నిన్న మొన్నటిది కాదు. ఫ్రాన్సు దేశమున నికొలా అపేర్ అను మిఠాయి వర్తకుడు కూరలను, మాంసమును గాజుసీసాలలో బిగించి వేడినీట మరగించి నిలువచేయు పద్ధతిని కనుగొని, 1810లో ప్రభుత్వమువారి నుండి 12,000 ఫ్రాంకుల బహుమానమును పొందెను. పాశ్చర్ పండితుడు సూక్ష్మజీవుల రహస్యమును విప్పిచెప్పుటకు ఎన్నో యేండ్లకు ముందే యిది జరిగినది. ఇక మైక్రోవేవ్ పొయ్యి రేడారు యంత్రమునుండి పుట్టిన బిడ్డ. అమెరికాలోని రేథియాన్ కంపెనీలో పనిచేయుచుండిన పెర్సీ స్పెన్సర్, 1945లో యంత్రము చెంత నిలిచియుండగా తన జేబులోని మిఠాయి కరగిపోవుట చూచి ఈ యుపాయమును పట్టుకొనెను. 1947లో అమ్మకమునకు వచ్చిన మొదటి పొయ్యి దాదాపు మనిషి యెత్తున, మూడువందల కిలోలకు పైబడిన బరువున నుండెడిది. ఇంటి బల్లపై ఇముడు పొయ్యి 1967లో గాని రాలేదు.

మన దేశమున ఈ విద్యకు కేంద్రము మన యిరుగుపొరుగుననే యున్న మైసూరు. కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము 1950లోను, రక్షణశాఖవారి ఆహార పరిశోధనాలయము 1961లోను అక్కడ నెలకొన్నవి. మంచుకొండలపై కాపలాకాయు సైనికునికి వేడి పప్పు, అన్నము అందించుటకై సాగిన కృషి ఫలితములే తరువాత బజారునకు దిగివచ్చినవి. కనుక ఈ పొట్లములన్నియు పాశ్చాత్యుల పిచ్చి యని త్రోసివేయుట చరిత్ర తెలియని మాట. బెంగళూరులో 1924లో పుట్టిన మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారు రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము దొరకక రవ్వతో ఇడ్లీ చేసితిమని చెప్పుకొందురు. ఆ రవ్వ యిడ్లీని నేడు మన యిండ్లలో పరాయి పదార్థమని యెవరనుచున్నారు?

ప్రజలలో నున్న రెండు అపోహలను ముందుగా తొలగింపవలెను. ఏడాదిపాటు చెడకుండ నుండు పొట్లములో ఏదో విషపదార్థము కలిపియుందురని మొదటిది. నిజమేమనగా, వండిన పదార్థమును పలుపొరల సంచిలో మూసి, ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల వేడికి గురిచేయుదురు. ఆ వేడికి లోపలి సూక్ష్మజీవులు నశించును. సంచిలోని అల్యూమినియము పొర గాలిని, వెలుతురును లోనికి రానీయదు. అందువలన పదార్థము చెడదు. మైక్రోవేవ్ పొయ్యిలో వేడిచేసిన అన్నమున కిరణములు మిగిలియుండి రోగములు కలిగించునన్నది రెండవ అపోహ. ఆ తరంగములు ఆహారములోని నీటి యణువులను కదిలించి వేడి పుట్టించును. పొయ్యి ఆగిన క్షణముననే అవియు ఆగిపోవును. దీపమార్పిన తరువాత గదిలో వెలుతురు మిగులునా? జాగ్రత్త పడవలసినది వేరొక చోట. అల్యూమినియము పొరగల సంచిని సంచిగానే ఆ పొయ్యిలో పెట్టరాదు. పదార్థమును గాజు లేక పింగాణి గిన్నెలోనికి వంచి, నడుమ నొకసారి కలియబెట్టి, దించిన పిదప ఒక నిమిషము ఆగవలెను. లేనిచో ఒక మూల నాలుక కాలును, మరియొక మూల చల్లగా నుండును.

ఇప్పుడు రుచి. ఇచ్చట పొట్లములన్నిటిని ఒకే త్రాసున తూచుట అన్యాయము. అంతటి వేడిని తట్టుకొను వంటకములు కొన్ని, తట్టుకొనలేనివి కొన్ని. పప్పు, శనగలు, రాజ్మా వంటివి ఎంత యుడికిన అంత మేలు. వీనిని పొట్లములో తినినను పెద్దగా వంక పెట్టలేము. బిసిబేళె అన్నము కూడ స్వభావము చేతనే మెత్తనిది గనుక గౌరవము నిలుపుకొనును. పులిహోర సంగతి వేరు. మెతుకునకు మెతుకు అంటకుండ నుండుటయే పులిహోర లక్షణము. సంచిలోని పులిహోరలో మెతుకు మెత్తబడును, వేరుసెనగపప్పు కరకర పోయి నానిన గింజవలె నగును, కరివేపాకు నల్లబడి వాసన లేని రేకుగా మిగులును. ఆకుకూరల గతి యింకను దీనము. ఎక్కువ వేడికి పచ్చదనమునకు ఆధారమైన పత్రహరితములోని మెగ్నీషియము ఊడిపోవును. అందువలన పాలకూర పప్పు నిగనిగలాడు పచ్చదనమును వీడి పాచిరంగునకు దిగును. గోంగూర కథ చెప్పనే యక్కరలేదు.

వేపుడు పదార్థములను మైక్రోవేవ్ పొయ్యికి అప్పగింపరాదు. గారె పైపొర ఎఱ్ఱగా, కరకరగా నుండుటకు పొడివేడి కావలెను. ఈ పొయ్యి లోపలి నీటిని ఆవిరిగా మార్చి బయటికి నెట్టును. ఆ యావిరి పైపొరను తడిపి తోలువలె చేయును. గడ్డకట్టించి అమ్ము పరోటాలును పెనముపైననే బ్రతుకును. అదే పొయ్యి, ఉదయము వండి గట్టిపడిన అన్నమునకు మాత్రము మంచి స్నేహితుడు. నాలుగు చుక్కల నీరు చిలకరించి, మూత పెట్టి వేడిచేసినచో అన్నము తిరిగి మెత్తబడును. పొయ్యిని నిందించు వారును, పొగడు వారును ఈ భేదమును గుర్తింపవలెను.

పొట్లములలో నాకు కనబడు పెద్దలోపము పోపు. ఇంగువ, ఆవాలు, ఎండుమిరప నూనెలో చిటపటలాడి లేచు వాసన క్షణికమైనది; దానిని సంచిలో బంధించి, 121 డిగ్రీల యావిరిలో ఉంచి, ఆరునెలలు అలమారలో నిలువ చేసినచో మిగులునది దాని జ్ఞాపకమే. కావున పొట్లములోని పప్పును గిన్నెలోనికి వంచిన తరువాత ఇంటిలోనే అరచెంచా నూనెతో క్రొత్త పోపు వేసికొనుడని మన సోదరీమణులకు, అంతకంటె ముఖ్యముగా వంటరాని సోదరులకు మనవి చేయుచున్నాను. ఒక్క నిమిషము పని. ఫలితము చూచి మీరే ఆశ్చర్యపడుదురు.

మరొక మాట. కొన్ని పొట్లములపై ‘ఆంధ్ర రుచి’ యని ముద్రించి, లోపల మిరపపొడిని దిట్టముగా దట్టించుట చూచుచున్నాము. ఆంధ్రుల వంట యనగా కారమే యని తయారుచేయువారు తలచినట్లున్నది. పులుపు, ఉప్పు, ఒగరు, కొంచెము తీపి కలిసిన పులుసు వారికి తెలియదు. కర్ణాటకములో స్థిరపడిన మన యిండ్లలోని సంగటి, ఊరుబిండి. షోలాపురపు నేతగాండ్ర యిండ్లలోని జొన్నరొట్టె. బరంపురపు ఇండ్లలో ఒరియా వారి వంటతో చెలిమి చేసిన మన కూరలు. ఇవన్నియు పొట్లపు పటమునకు బయటివే. ఆ పటములో దక్షిణదేశమంతయు ఒకటే యూరు.

ఇక పుష్టి. ఇచ్చటను సమదృష్టి కావలెను. పప్పులోని మాంసకృత్తులు, ఇనుము వంటి ఖనిజములు వేడికి పారిపోవు. తగ్గునవి విటమిను సి, థయమిను, ఫోలేటు మున్నగునవి. ఈ ఫోలేటు జాతికి చెందిన ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, భీమవరమున పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆకుకూరలలో ప్రకృతి యిచ్చినదానిని మనము ఇంటివంటలోనే ఎక్కువ నీటిలో గంటసేపు ఉడికించి, ఆ నీటిని పారబోసి పోగొట్టుకొనుచున్నాము. తక్కువ నీటితో, స్వల్పకాలమున ఉడికించు మైక్రోవేవ్ పొయ్యి పచ్చి కూరల విటమినులను ఆ పద్ధతికంటె మేలుగనే కాపాడును. పుష్టికి హాని చేయునది పొయ్యి యని చెప్పుటకు ఆధారము లేదు.

ఇంటివంట యంతయు అమృతమని భ్రమపడువారికి ఒక చరిత్ర గుర్తుచేయవలెను. 1918లో నీలగిరులలోని కూనూరునందు రాబర్ట్ మెక్కారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన బెరిబెరి వ్యాధి పరిశోధనయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. బెరిబెరి మన దేశమున ముఖ్యముగా ఏ ప్రాంతమును పట్టి పీడించినది? ఉత్తర సర్కారులను, అనగా మన తెలుగు తీరమునే. కారణము, మరపట్టిన తెల్లని పచ్చిబియ్యము. తమిళ సోదరులు తినెడి ఉప్పుడుబియ్యమున థయమిను గింజలోనికి ఇంకి నిలుచుటచేత ఆ వ్యాధి వారిని అంతగా బాధింపలేదు. తెల్లని మెతుకు మన గౌరవచిహ్నమైనది, కాళ్ళు మాత్రము చచ్చుబడినవి. పొట్లములు లేని కాలమున, తల్లులు స్వహస్తములతో వండిపెట్టిన భోజనమునకే ఈ గతి పట్టినది. కనుక ఎక్కడ వండిరన్నదానికంటె ఏమి వండిరన్నది ముందుగా చూడవలెను.

ఆ దృష్టితో చూచినను పొట్లములపై నిలుచు నేరమొకటి కలదు. అది ఉప్పు. దినమునకు ఐదు గ్రాములకు మించి ఉప్పు వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారును, హైదరాబాదులోని మన సంస్థవారును చెప్పుచున్నారు. పొట్లముపై ‘ఉప్పు’ అని యుండదు, ‘సోడియం’ అని యుండును. ఆ అంకెను రెండున్నరచే హెచ్చించినచో ఉప్పు తేలును. నూరు గ్రాములకు 400 మిల్లీగ్రాముల సోడియం అని యొక పొట్లముపై నున్నదనుకొందము. చూపునకు స్వల్పముగా తోచును. పొట్లము 300 గ్రాములైనచో సోడియము 1,200 మిల్లీగ్రాములు, ఉప్పు మూడు గ్రాములు. ఆకలిగొన్న యువకుడు పొట్లమంతయు తినును. దానిప్రక్కన అప్పడము, ఊరగాయ. దినపు ఉప్పు ఒక్క పూటలోనే ముగిసినది. ఆవకాయ జాడీలకు అధిపతులమైన మనము ఇతరుల ఉప్పును గూర్చి మాటలాడుటకు కొంత సిగ్గుపడవలసినదే. అయినను ఆవకాయ బద్దను చెంచాతో వేసికొందుము, పొట్లమును గిన్నెడు తిందుము.

పదార్థముల పట్టికను కూడ చదువవలెను. బరువు ననుసరించి ఎక్కువది ముందు, తక్కువది తరువాత వ్రాయవలెనని నియమము. పొట్లము ముఖమున పనీరు బొమ్మ పెద్దదిగా నుండి, పట్టికలో అది నీటికి, ఉల్లికి, నూనెకు వెనుక నిలిచియున్నచో మీరు దేనికి డబ్బిచ్చుచున్నారో తెలియును.

ఉదయము ఆరింటికి బస్సెక్కి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరు కోడలిని ‘పొట్లము విప్పితివా’ యని నిలదీయు అత్తమామలతో నేను ఏకీభవింపను. ఆ ప్రశ్న కొడుకునెవరును అడుగరు. వారమున రెండు మూడు పూటలు పొట్లపు పప్పు, దానిప్రక్క ఇంట కోసిన దోసకాయయో టమాటాయో, ఒక గిన్నెడు పెరుగు, ఊరగాయకు ఆ పూటకు సెలవు. ఈ యేర్పాటును తప్పుపట్టుటకు నాకు కారణము కనబడదు. నిత్యము రెండుపూటలు అదియే యనువారితో మాత్రము పేచీ కలదు. రక్తపుపోటు గల పెద్దవారికి అది తగదు.

ఆ పెద్దవారిని తలచినప్పుడే అసలు చిక్కు ఎదురగును. సోడియము ఎంతో, పాలపొడి కలిసినదో లేదో, ఎప్పటిలోగా వాడవలెనో తెలియజేయు వ్రాత యంతయు ఇంగ్లీషులోనో, నాగరిలిపిలోని హిందీలోనో, అదియును చీమతలకాయలంత అక్షరములలో నుండును. ఆ రెంటిలో నొకటి యుండిన చాలునని నియమములు చెప్పుచున్నవి. ఇతర భాషలలో అదనముగా ముద్రించుటకు అడ్డులేదనియు అవే చెప్పుచున్నవి. కన్నడము, తమిళము, ఒడియా మాటలాడి, తెలుగు మాత్రమే చదువనేర్చిన అవ్వలు మన సంఘములలో నెందరో కలరు. మనుమడు ఆఫీసునకు పోయిన పిదప ఒంటరిగా పొట్లమును పట్టుకొని నిలుచునది వారే. పప్పు బొమ్మ వారికి తెలియును, ఉప్పు అంకె తెలియదు. ‘సోడియం’, ‘ఎప్పటిలోగా వాడవలెను’, ‘ఇట్లు వేడిచేయవలెను’ అను మూడు పంక్తులను తెలుగున అచ్చువేయుటకు ఎంత స్థలము కావలెను? ప్రతి పొట్లముపై ఫిర్యాదులకై తయారుదారుల చిరునామా ముద్రించియే యున్నది. సంఘ సభ్యులు తలకొక ఉత్తరము వ్రాయవచ్చును. ఉత్తరము తెలుగుననే యుండవచ్చును. కవరుపై చిరునామా మాత్రము తపాలావారికి తెలియు లిపిలో నుండిన చాలును.