పాత బండిని నిలుపుట కూడ చదువే

మా పాఠశాల విద్యార్థుల నోటు పుస్తకములను తిరుగవేసినచో వెనుక పుటలలో కార్ల బొమ్మలు విరివిగా కానవచ్చును. వానిలో హెచ్చు భాగము జపాను దేశపు పందెపు కార్లు. టొయోటా సుప్రా, మాజ్డా ఆర్‌ఎక్స్ 7, దాట్సన్ 240 జడ్ – ఈ పేర్లు మన పిల్లలకు శతక కర్తల పేర్లకంటె బాగుగా నోటికి వచ్చును. ఇందులకు తల్లిదండ్రులలో కొందఱు కినుక వహించుచున్నారు. మాకు కినుక లేదు. కాని పిల్లలను అడుగదగిన ప్రశ్న ఒకటి కలదు. ఆ కార్లు పుట్టి నలువది, ఏబది యేండ్లు గడచినవి గదా, అవి నేటికిని ఎట్లు నడచుచున్నవి? వానిని ఎవరు నడిపించుచున్నారు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన బాలునకు ఆ బొమ్మ ఒక పాఠమగును. వెదకనివానికి అది బొమ్మగనే మిగిలిపోవును.

పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొంది, మదురైలో తెలుగు చెప్పుచున్న మాకు యంత్రశాస్త్రము వృత్తి కాదు. అయినను ఒక విషయము మాకు నిత్యము కనబడుచున్నది. చదువు అబ్బని పిల్లవానిని మాత్రమే మెకానిక్కు షెడ్డుకు పంపవలెనను తలంపు మన ఇండ్లలో నాటుకొని యున్నది. ఈ తలంపు తప్పని చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. పాత యంత్రమును ప్రేమ నిలుపదు, ధనమును నిలుపదు. క్రమము తప్పని పోషణ, సరియైన కొలత, చేసినదానిని వ్రాసియుంచు అలవాటు – ఈ మూడును నిలుపును. ఈ మూడును చదువునకు సంబంధించినవే.

ముందుగా పిల్లలు బొమ్మ గీయు ఆ దాట్సన్ కారునే చూతము. 1969లో జపానునందు ఫెయిర్‌లేడీ జడ్ అను పేరున వెలువడి, అమెరికాలో దాట్సన్ 240 జడ్ అను పేరున ప్రసిద్ధి కెక్కిన కారు అది. అమెరికాలో అమ్మిన కారుకు ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నమర్చిన 2,393 సీసీ ఇంజను, దానికి రెండు కార్బొరేటర్లు ఉండెను. దీనిని నిలుపుకొనువాడు చేయు పని యెట్టిది? ఇంజను వేడిగా ఉన్నపుడు లోనికి గాలిని పీల్చు వాల్వు దగ్గఱ 0.25 మిల్లీమీటరు, పొగను వదలు వాల్వు దగ్గఱ 0.30 మిల్లీమీటరు సందు ఉండునట్లు అతడు సరిచేయవలెను. సందు చాలకపోయినచో వాల్వు గట్టిగా మూసికొనక క్రమముగా కాలిపోవును. హెచ్చినచో టకటక చప్పుడు చేయుచు అరిగిపోవును. నిప్పురవ్వను పుట్టించు పాయింట్ల మధ్య 0.45 నుండి 0.55 మిల్లీమీటరు వఱకు ఎడము ఉంచవలెను. ముందరి మూడు సిలిండర్లకు ఒక కార్బొరేటరు, వెనుక మూడింటికి ఒకటి గనుక రెండును సమానముగా గాలి పీల్చునట్లు చూడవలెను. ఒకటి హెచ్చుగా పీల్చినచో ఒకే ఇంజను రెండు ఇంజనుల వలె కొట్లాడును. ఇందు బలముతో జరుగు పని యొక్కటియు లేదు. దశాంశ భిన్నములు రాని బాలుడు ఈ ఇంజనును ముట్టుకొనరాదు. ఇట్టి పనిని చదువు రానివాని పని యనుట ఎట్లు?

ఆ కారునకు పెద్ద శత్రువు ఇంజనులో లేదు, రేకులో నున్నది. నేల రేకు, బ్యాటరీ క్రింది పళ్ళెము, దాని క్రింద పోవు పట్టీలు – ఇవి ముందుగా తుప్పు పట్టుచోట్లు. తుప్పు పట్టిన చోట పుట్టీ మెత్తి, పైన రంగు కొట్టి, అద్దమువలె మెఱయునట్లు చేయువారు కలరు. ఆ మెఱుగు క్రింద తుప్పు తన పని తాను చేసికొనుచునే యుండును. తుప్పు తిన్న భాగమును ఆరోగ్యమైన లోహము కనబడు వఱకు కోసివేసి, క్రొత్త రేకును అతికి, పిమ్మట రంగు వేయుటయే మరమ్మతు. తక్కినది అలంకారము. ఇది కార్లకే కాదు, పరీక్షలకు ముందు రాత్రి వల్లెవేయు చదువులకును వర్తించును.

తయారు చేసినవారికే ఈ సంగతి నేడు బోధపడినది. టొయోటా వారు 1967 మొదలు 1970 వఱకు చేసిన 2000 జీటీ అను పందెపు కార్లు 351 మాత్రమే. అయినను ఆ కొలది కార్ల కొఱకు 2020లో గేర్ల పెట్టె భాగములను మరల చేయించుటకు పూనుకొనిరి. మాజ్డా వారు తమ మొదటి తరము రోడ్‌స్టర్ కార్లను పునరుద్ధరించు ఏర్పాటును 2017లో ప్రకటించిరి. ఏబది యేండ్ల పిదప ఒక పలుచక్రమును మరల చేయవలెనన్న దాని కొలతలు ఎచ్చటనో వ్రాసియుండవలెను, లేదా పాత పలుచక్రమునే కొలిచి తెలిసికొనగల నేర్పరి యుండవలెను. వ్రాతయు లేక, నేర్పరియు లేనిచో ధనమున్నను ఆ బండి కదలదు.

ఇవి దూరదేశపు మాటలని పాఠకులు అనుకొనవలదు. మన తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్న కోయంబత్తూరు ప్రాంతమునకే వత్తము. 1893లో కలంగల్ గ్రామమున తెలుగు ఇంట పుట్టిన జి. డి. నాయుడుగారు యౌవనమున ఒక ఆంగ్లేయ అధికారి యొద్ద రడ్జ్ మోటారు సైకిలును చూచి, హోటలులో పనిచేసి కూడబెట్టిన ధనముతో దానిని కొని, మొదట చేసిన పని దానిపై తిరుగుట కాదు. దానిని ఊడదీసి మరల బిగించుట. 1920లో పొల్లాచ్చి–పళని నడుమ ఒక బస్సుతో ఆయన వ్యాపారము మొదలైనది. దాని నుండియే యూఎంఎస్ అను పెద్ద మోటారు సంస్థ పెరిగినది. 1945లో కోయంబత్తూరునందు వెలసిన ఆర్థర్ హోప్ సాంకేతిక విద్యాలయమునకు ఆయన తోడ్పడెను. 1974లో ఆయన గతించినను ఆయన పేరిటి ధర్మసంస్థ 2015లో ఆ నగరమున పాత కార్ల ప్రదర్శనశాలను తెఱచినది. మదురై నుండి ఒక దినములో వెళ్ళి చూచి రాదగిన పాఠశాల అది.

ఆ నగరముననే లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్ గారు జపాను యంత్రమును మన చేతిపనితో కలిపి చూపిరి. జపాను దేశపు సుజుకీ వారి సహకారముతో 1983 డిసెంబరులో మారుతి 800 కారు మన దేశమునకు వచ్చినది. మూడు సిలిండర్లు, 796 సీసీ గల ఆ చిన్న ఇంజనునే తీసికొని ఆయన ఫార్ములా మారుతి అను ఒంటి సీటు పందెపు కార్లను నిర్మించిరి. విదేశపు కారును కొనలేని యువకులు ఈ కార్లతో పందెము నేర్చిరి. కోయంబత్తూరునకు చెందిన నారాయణ్ కార్తికేయన్ ఈ తరగతిలోనే పందెములు మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. ఆ యేట ఆయన నడిపిన జోర్డాన్ కారుకు టొయోటా ఇంజను ఉండుట విశేషము. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదమున మరణించిరి. ఆయన పేరిట కోయంబత్తూరు చెంత ఒక పందెపు బాట నేటికిని నిలిచియున్నది.

కావున దాట్సన్ కారు మన వీథికి రాలేదని విద్యార్థులు విచారింప నక్కఱలేదు. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయినది. ఇంటి ముందు గుడ్డ కప్పి నిలిపిన పాత కార్బొరేటరు మారుతి ఆ జపాను పాఠమునే మీకు చెప్పగలదు. అయితే మదురై ఎండకును, నీటికిని తగిన జాగ్రత్తలు కొన్ని కలవు. ఎండకు రబ్బరు గొట్టములు బీటలు వాఱును. చేతితో వంచి చూచి, పగులు కనబడినచో మార్చవలెను. రేడియేటరులో బోరు నీరు పోసినచో కాగిన బిందెలో వలె లోపల సున్నము పేరుకొని ఇంజను వేడెక్కును. తగిన కూలెంటునే పోయవలెను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. రెండేండ్లకొకసారి మార్చుట మేలు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఎథనాలు కలిపి అమ్ముట వ్యాపించినది. పాత బండ్ల గొట్టములు, సీళ్ళు దానికొఱకు చేసినవి కావు గనుక వానిని తఱచు పరీక్షింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, బండిని కదపక నిలిపియుంచరాదు. తిరిగి అరిగిన బండికంటె నిలిచి చెడిన బండిని బాగుచేయుటయే కష్టము.

మన ఊరిలోనే ఇందుకు నిదర్శనము కలదు. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలులో నేడు మిగిలినది కొంత భాగము మాత్రమే. మనుమడైన చొక్కనాథ నాయకుని కాలమున చాల భాగము ఊడదీయబడినది. మిగిలిన దానిని మదరాసు గవర్నరు నేపియర్ ప్రభువు 1866–1872 నడుమ బాగుచేయించెను. కట్టినవాని పేరు మనమందఱము ఎఱుగుదుము. బాగుచేసిన తాపీవారి పేర్లు ఎవ్వరును వ్రాసియుంచలేదు. ఆ స్తంభముల నీడన నేడు మనము నిలుచుట ఆ పేరులేని చేతుల చలువయే.

ప్రభుత్వపు నిబంధన కూడ ఈ నీతినే చెప్పుచున్నది. 2021 నాటి నియమముల ప్రకారము మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 యేండ్లు దాటిన సొంత వాహనములకు వింటేజి హోదా ఇచ్చెదరు. క్రొత్తగా నమోదు చేయుటకు 20,000 రూపాయల రుసుము, నంబరులో వీఏ అను గుర్తు. అయితే చాసీ, బాడీ, ఇంజనులను గణనీయముగా మార్చియుండరాదు. అనగా మరమ్మతు వేఱు, మార్పు వేఱు. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుటకు మార్చుటకంటె హెచ్చు తెలివి కావలెను.

విద్యుత్తు కార్లు వచ్చుచున్న కాలమున కార్బొరేటరు పని నేర్చి యేమి లాభమని కొందఱు తండ్రులు అడుగవచ్చును. విద్యుత్తు కారునకును బ్రేకులు, బేరింగులు, రబ్బరు, రేకు కలవు. తుప్పు దానిని విడువదు. అంతకంటె ముఖ్యము, చెడిన యంత్రము ముందు నిలిచి సులభమైన కారణము నుండి కఠినమైన కారణమునకు వరుసగా పోవు ఓర్పు ఏ యంత్రము వచ్చినను పాతబడదు. ఈ ఓర్పు బాలికలకును బాలురకును సమానముగా అవసరమే.

ఇక తెలుగు చెప్పువారముగా మేము ఒకటి కోరుచున్నాము. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, షెడ్డులో తమిళము విందురు, యంత్రముతో వచ్చిన పుస్తకమును ఇంగ్లీషున చూతురు. ఈ మూటి నడుమ పడి, ముప్పది యేండ్లు స్పానరు పట్టిన తండ్రి నేర్పు ఏ భాషలోను వ్రాయబడక ఆయనతోనే పోవుచున్నది. ఇది చిన్న నష్టము కాదు. విద్యార్థులారా, ఒక నోటు పుస్తకమును ఇందులకై ఉంచుడు. తేదీ, బండి చూపిన లక్షణము, కనుగొన్న కారణము, చేసిన పని, వాడిన కొలత – ఈ ఐదును తెలుగున వ్రాయుడు. క్లచ్చును క్లచ్చనియే, గాస్కెట్టును గాస్కెట్టనియే వ్రాయుడు. క్రొత్త పదములు కల్పింప నక్కఱలేదు. తండ్రి చెప్పిన మాట తండ్రి చెప్పినట్లే ఉండవలెను.

పాఠశాలలోని నీటి పంపుతోను, కుట్టు మిషనుతోను, సైకిళ్ళతోను ఈ అభ్యాసమును మొదలుపెట్టుట మంచిది. తల్లిదండ్రులలో షెడ్డు పని, లేతు పని, టింకరు పని తెలిసినవారు కొందఱు గలరని మే మెఱుగుదుము. వారు నెలకొక శనివారము వచ్చి పిల్లల యెదుట ఒక యంత్రమును విప్పి బిగించినచో, ఆ దినము మేమును పిల్లలతో పాటు బల్లపై కూర్చుండి వ్రాసికొందుము.